యుద్ధానికి పోయేముందు పార్లమెంటును అడగాలా? పైసలు ఆపితే యుద్ధం ఆగుతుందా?

దేవరకొండలో ఉండి గ్రూప్-1కు చదువుకుంటున్న ఒక బిడ్డ అడిగిన ప్రశ్న ఇది: "అమెరికాలో కాంగ్రెస్ ఒప్పుకుంటేనే యుద్ధం అని చదివాను. మన సైన్యాన్ని వేరే దేశానికి పంపాలంటే పార్లమెంటు ఓటు వెయ్యాలా? పైసలు మంజూరు చేసేది లోక్‌సభే కదా, అది కాదంటే యుద్ధం ఆగిపోతుందా? రాజ్యసభకు, రాష్ట్ర అసెంబ్లీలకు ఇందులో ఏమన్నా మాట ఉంటుందా?"

సూటిగా చెప్తానమ్మా. మొదటిదానికి జవాబు, అక్కర్లేదు. రెండోదానికి, కాగితం మీద ఆపొచ్చు, మన దగ్గర ఎన్నడూ ఆపింది లేదు. మూడోది చివర్లో చెప్తాను. నా సర్వీసంతా పాత నల్లగొండ జిల్లా ట్రెజరీల్లో బిల్లులు చూడ్డంతోనే గడిచింది కాబట్టి పైసల దిక్కు నుంచే ఎక్కువ మాట్లాడతాను. ఆర్టికల్ నంబర్లు ఏ పుస్తకం తీసినా దొరుకుతాయి. పైసలు ఎట్లా కదులుతాయన్నది అంత తేలిగ్గా దొరకదు.

అయినా నంబర్లతోనే మొదలుపెట్టాలి. రక్షణ దళాల మీద అత్యున్నత అధికారం రాష్ట్రపతిదని రాజ్యాంగంలోని ఆర్టికల్ 53(2) చెప్తుంది, ఆ అధికారం వాడే తీరు చట్టం ప్రకారం ఉండాలని కూడా అందులోనే ఉంది. ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా తీస్తే 1వ అంశం దేశ రక్షణ, 2వది సైనిక బలగాలు, 15వది యుద్ధం, శాంతి. అంటే సైన్యాన్ని సరిహద్దు దాటించేముందు ఎవరిని అడగాలో, ఎన్ని రోజుల్లో సభకు చెప్పాలో పార్లమెంటు ఒక చట్టం చేసుకోవచ్చు. ఇన్నేళ్లలో చేసుకోలేదు. 1950 నాటి ఆర్మీ చట్టం ఉంది గాని, అది సైనికుడి క్రమశిక్షణ, కోర్టు మార్షల్ సంగతి చూసేది. చట్టం లేని చోట నిర్ణయం మంత్రివర్గానిదే. ఆచరణలో ప్రధాని, రక్షణ, హోం, ఆర్థిక, విదేశాంగ మంత్రులు కూర్చునే భద్రతా వ్యవహారాల క్యాబినెట్ కమిటీది.

కోచింగ్ నోట్సుల్లో "యుద్ధం ప్రకటిస్తే నెలలోపు ఉభయ సభలు ఆమోదించాలి" అని రాసి ఉండటం చూశాను. అది 352. సభలు ఆమోదించేది ఎమర్జెన్సీ ప్రకటనను, యుద్ధాన్ని కాదు. మొదట్లో రెండు నెలల గడువుండేది, 44వ సవరణతో ఒక నెల అయింది, ప్రత్యేక మెజారిటీ కూడా కావాలి. 1962 అక్టోబర్ 26న పెట్టిన ఎమర్జెన్సీ 1968 జనవరి దాకా నడిచింది కాబట్టి 1965 యుద్ధానికి కొత్తగా పెట్టే పనే పడలేదు. 1971 డిసెంబర్ 3న మళ్లీ పెట్టారు. శ్రీలంకకు సైన్యం పోయినప్పుడు లేదు, కార్గిల్లోనూ లేదు. యుద్ధాన్ని, ఎమర్జెన్సీని ఒకటిగా కలిపి రాస్తే మెయిన్స్‌లో మార్కులు పోతాయి.

ఇక జరిగినవి చూడు. 1962లో చైనా దాడి అక్టోబర్ 20న మొదలైతే సభ కూడింది నవంబర్ 8న. నెహ్రూ తీర్మానం పెట్టారు, నూట అరవై మందికి పైగా సభ్యులు మాట్లాడారు, నవంబర్ 14న సభ లేచి నిలబడి ఆమోదించింది. సరిహద్దులో ఒక పక్క పోరు నడుస్తుండగా ప్రభుత్వాన్ని అంతమంది ముఖం మీదే నిలదీశారు. యుద్ధకాలంలో మన సభ బాగా పనిచేసిన రోజులు ఏవంటే నేను ఆ వారమే చెప్తాను. 1971లో వరుస తిరగబడింది. మార్చి 31ననే తూర్పు బెంగాల్ ప్రజలకు మద్దతుగా ఉభయ సభలు తీర్మానం చేశాయి, యుద్ధం డిసెంబర్‌లో వచ్చింది. ఆ తీర్మానం యుద్ధానికి అనుమతి కాదు, అయినా ఆ ఎనిమిది నెలలూ ప్రభుత్వానికి అది అండగా నిలిచింది.

నువ్వు అడిగిన "వేరే దేశానికి సైన్యం" అన్నదానికి అసలు ఉదాహరణ శ్రీలంక. 1987 జులై 29న రాజీవ్ గాంధీ, జయవర్ధనే కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఆ వెంటనే మన శాంతిసేన జాఫ్నాలో దిగింది. అక్టోబర్‌కల్లా అది తమిళ పులులతో (ఎల్‌టీటీఈ) నేరుగా యుద్ధంలో ఉంది. 1990 మార్చి దాకా అక్కడే ఉండి, దాదాపు 1,200 మందిని పోగొట్టుకుని వాపస్ వచ్చింది. సభల్లో ఒప్పందం గురించి మాట్లాడుకున్నారు. "పంపుదామా వద్దా" అన్న ప్రశ్న మీద ఓటింగ్ మాత్రం పెట్టలేదు. శాంతి కాపాడే పని కాస్తా యుద్ధంగా మారినప్పుడు కూడా పెట్టలేదు. నా లెక్కలో పెద్ద తప్పు ఆ రెండోదే. జులైలో ఒక పని మీద పంపినవాళ్లు అక్టోబర్‌లో వేరే పని చేస్తుంటే, పని మారిందని సభకు చెప్పి మళ్లీ అడగాలి.

2003లో దీనికి ఎదురుగా జరిగింది. ఇరాక్‌కు సైన్యం పంపమని అమెరికా అడిగింది. అప్పటికే ఏప్రిల్‌లో లోక్‌సభ ఆ యుద్ధానికి వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసి ఉంది. జులై 14న క్యాబినెట్ కమిటీ, ఐక్యరాజ్యసమితి ఆదేశం లేదు కాబట్టి పంపబోమని తేల్చింది. తీర్మానానికి చట్టబద్ధమైన బలం సున్నా. అయినా దాన్ని దాటి పోవాలంటే ఏ ప్రభుత్వమైనా రెండుసార్లు ఆలోచిస్తుంది.

అన్నిటికంటే విచిత్రం కార్గిల్. వాజ్‌పేయి ప్రభుత్వం 1999 ఏప్రిల్ 17న ఒక్క ఓటుతో ఓడింది, 26న లోక్‌సభ రద్దయింది. చొరబాట్లు బయటపడింది మే నెలలో. అంటే ఆ పోరు మొదటి నుంచి చివరి దాకా లోక్‌సభ అనేదే లేదు. రాజ్యసభ ఉంది, దాన్నైనా పిలవమని ప్రతిపక్షాలు అడిగాయి, పిలవలేదు. మరి పైసలెక్కడివి? సభ రద్దుకు ముందే ఆ సంవత్సరం బడ్జెట్‌ను చర్చ లేకుండా ఆమోదించి పోయారు.

నీ రెండో ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. యుద్ధం పైసలను యుద్ధం కోసమని ఎవరూ అడగరు. ఫిబ్రవరి, మార్చిలోనే నాలుగు డిమాండ్ల (లోక్‌సభ ఓటుకు పెట్టే ఖర్చు పద్దులు) కింద రక్షణ శాఖకు మంజూరు అయిపోతాయి: శాఖ సివిల్ ఖర్చు, దళాల రెవెన్యూ ఖర్చు, ఆయుధాల వంటి కేపిటల్ ఖర్చు, పింఛన్లు. 2025-26లో అన్నీ కలిపి 6,81,210 కోట్లు, అందులో పింఛన్లే 1,60,795 కోట్లు. లెక్కల్లో ఆర్మీకి 2076, నేవీకి 2077, ఎయిర్‌ఫోర్స్‌కు 2078 పద్దులు. జవాను జీతం, రేషన్, డీజిల్, మందుగుండు అన్నీ ఆ పద్దుల్లో ముందే కూర్చుని ఉంటాయి. అదే జవాను శిక్షణలో ఉన్నా, సియాచిన్‌లో ఉన్నా, పొరుగు దేశంలో ఉన్నా జీతం పడేది ఒకే పద్దు నుంచి. కాబట్టి మొదటి కొన్ని నెలలు ప్రభుత్వం ఎవరి ముందూ చెయ్యి చాపే పని లేదు.

ఆ తరువాత పైసలు చాలకపోతే? మూడు దారులున్నాయి. 267 కింద ఆగంతుక నిధి ఉంది, 2021లో దాన్ని 500 కోట్ల నుంచి 30,000 కోట్లకు పెంచారు. అందులో నుంచి ముందు తీసుకుని తరువాత సభ ఆమోదంతో పూడ్చాలి. 115 కింద అనుబంధ గ్రాంట్లు అడగొచ్చు. ఇక 116లో ఒక చిన్న సంగతుంది, పరీక్షకు చదివేవాళ్లు దాన్ని ఓట్ ఆన్ అకౌంట్ (పూర్తి బడ్జెట్ పాసయ్యేదాకా ఇచ్చే తాత్కాలిక మంజూరు) పక్కన ఒక పేరుగా బట్టీపట్టి వదిలేస్తారు. అదే ఓట్ ఆఫ్ క్రెడిట్. పని చాలా పెద్దదో, ఎక్కడిదాకా పోతుందో తెలియనిదో అయి, మామూలుగా ఇచ్చే వివరాలు ఇవ్వలేనప్పుడు, వివరాల్లేకుండానే లోక్‌సభ మొత్తంగా ఇంత అని ఇవ్వొచ్చు. యుద్ధం ఎన్ని రోజులుంటుందో, ఎన్ని గుండ్లు కాలుతాయో ఎవరు చెప్పగలరు? బ్రిటిష్ పార్లమెంటు రెండు ప్రపంచ యుద్ధాలనూ ఇట్లాంటి ఓట్లతోనే నడిపింది.

మన ట్రెజరీ వాళ్లకు ఇది కొత్త కాదు. వాగులు పొంగి ఊళ్లు మునిగినప్పుడు బడ్జెట్ రిలీజ్ అయిందా, సాంక్షన్ ఉందా అని చూస్తూ కూర్చోరు. కలెక్టర్ ట్రెజరీ రూల్ 27 (టీఆర్-27) కింద రాతపూర్వకంగా ఆర్డర్ ఇస్తే ట్రెజరీ అధికారి పేమెంట్ చేయాల్సిందే, ఆబ్జెక్షన్ పెట్టి వాపస్ పంపే అధికారం ఆ ఒక్క కాగితం ముందు పనిచేయదు. ఎందుకిచ్చారో అకౌంటెంట్ జనరల్‌కు తరువాత రాస్తారు. ఏసీ బిల్లు (వివరాల్లేకుండా ముందే పైసలు తీసే బిల్లు) మీద డ్రా చేసినవాళ్లు తరువాత వోచర్లన్నీ జతచేసి డీసీ బిల్లు (వివరమైన లెక్క) పెట్టాలి. నియమం మంచిదే, దాన్ని తప్పుపట్టను. పైసలు తీసేటప్పుడు ఉన్న తొందర లెక్క చెప్పేటప్పుడు ఉండదు, అదే బాధ. డీసీ బిల్లులు ఏళ్లకేళ్లు పెండింగ్ అని ఆడిట్ వాళ్లు రాస్తూనే ఉంటారు. కార్గిల్ విషయంలో ఆ డీసీ బిల్లును కాగ్ (ప్రభుత్వ లెక్కలు ఆడిట్ చేసే సంస్థ) అడిగినట్టే అయింది. అత్యవసరమని మామూలు పద్ధతులు పక్కన పెట్టి చేసిన కొనుగోళ్ల మీద 2001లో ఇచ్చిన నివేదికలో, వాటిలో ఎక్కువ భాగం పోరు ముగిశాకే చేరాయని తేల్చింది.

మన పైసలతో పరాయి యుద్ధాలు చేయడం మనకు పాత కథే. కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చిన 1858 చట్టం 55వ సెక్షన్‌లో ఒక షరతు పెట్టారు: దాడిని తిప్పికొట్టడానికో, అకస్మాత్తుగా వచ్చిన అవసరానికో తప్ప, భారత సరిహద్దుల బయట జరిగే సైనిక చర్యకు భారత ఆదాయాన్ని బ్రిటిష్ పార్లమెంటు ఉభయ సభల సమ్మతి లేకుండా ఖర్చు చేయరాదు. చదవడానికి ఎంత బాగుందో చూడు. 1878లో అఫ్గాన్ యుద్ధం రాగానే లండన్‌లో సభ ఆ సమ్మతి ఇచ్చేసింది. తరువాత బ్రిటన్ ప్రధాని గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం 50 లక్షల పౌండ్లు ఇచ్చింది, మిగతా భారం మన రైతు శిస్తు మీదే పడింది. అనుమతి ఇచ్చే సభ ఒక దేశానిది, పైసలు కట్టే జనం ఇంకో దేశం. దాదాభాయి నౌరోజీ జీవితమంతా కొట్లాడింది దీని మీదే.

నిజాం ఇలాకాలోనైతే ఆ మాత్రం నాటకం కూడా లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనా దాకా పోయారు, ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గరున్న మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్లకు గుర్తే. నిజామిచ్చిన సొమ్ముతో కొన్న విమానాలతో బ్రిటిష్ వాయుసేనలో ఒక స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరే పెట్టారు. ఆ సొమ్ములో పాలమూరు, నల్లగొండ రైతుల శిస్తు కూడా ఉంది. ఒక ఫర్మానా చాలు, అడిగేవాడు లేడు. 1939 సెప్టెంబర్ 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో కేంద్ర శాసనసభను ఒక్క మాట అడక్కుండా భారత్ యుద్ధంలో ఉందని ప్రకటించాడు. కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేసింది అందుకే. ఇంత చూసిన తరం రాజ్యాంగం రాస్తూ యుద్ధానికి సభ అనుమతి తప్పనిసరి అని ఒక వాక్యం ఎందుకు పెట్టలేదన్నది నాకెప్పుడూ ఆశ్చర్యమే.

అమెరికా రాజ్యాంగంలో ఆ వాక్యం ఉంది. మొదటి అధికరణం 8వ సెక్షన్ ప్రకారం యుద్ధం ప్రకటించేది కాంగ్రెస్. సైన్యానికి ఒక్కసారికి రెండేళ్లకు మించి నిధులివ్వరాదని కూడా అక్కడే ఉంది. మరి కాంగ్రెస్ చివరిసారి యుద్ధం ప్రకటించింది ఎప్పుడు? 1942 జూన్‌లో, బల్గేరియా, హంగేరీ, రుమేనియాల మీద. కొరియా, వియత్నాం, ఇరాక్ దేనికీ ప్రకటన లేదు. 1948లో బెజవాడ దిక్కు నుంచి కోదాడ, సూర్యాపేట మీదుగా సైన్యం వస్తే మన పెద్దలు ఇప్పటికీ పోలీస్ యాక్షన్ అనే అంటారు కదా, 1950లో కొరియా గురించి విలేకరి అదే మాట అంటే అధ్యక్షుడు ట్రూమన్ అవునన్నాడు. వియత్నాంకు 1964 ఆగస్టులో టాంకిన్ తీర్మానం ఇచ్చారు: ప్రతినిధుల సభలో 416-0, సెనేట్‌లో 88-2. అధ్యక్షుడు ఏం అవసరమనుకుంటే అది చేయొచ్చని రాసిచ్చిన ఖాళీ చెక్కు అది. 2001లో మళ్లీ అట్లాంటిదే ఇచ్చారు, ప్రతినిధుల సభలో వద్దన్నది బార్బరా లీ ఒక్కతే. ఆ కాగితం పట్టుకుని తరువాతి అధ్యక్షులు రెండు దశాబ్దాలు ఎన్నో దేశాల్లో దాడులు చేశారు.

మధ్యలో 1973లో కాంగ్రెస్‌కు తెలివొచ్చింది. అధ్యక్షుడు నిక్సన్ వీటోను తోసిపుచ్చి వార్ పవర్స్ తీర్మానం చేసింది: సైన్యాన్ని దింపితే 48 గంటల్లో చెప్పాలి, అనుమతి లేకుంటే 60 రోజుల్లో ఆపాలి. 2011లో లిబియా మీద బాంబులు వేస్తూ ఒబామా ప్రభుత్వం ఆ అరవై రోజుల లెక్క దీనికి వర్తించదని తప్పించుకుంది. గడువు పెట్టిన చట్టాన్ని ఇంత తేలిగ్గా దాటొచ్చు. పైసల కట్టడి అట్లా కాదు. అదే 1973లో కాంగ్రెస్, ఆగస్టు 15 తరువాత ఇండోచైనాలో పోరుకు ఒక్క డాలర్ వాడరాదని నిధుల బిల్లులోనే పెట్టింది. నిక్సన్ మొదట వీటో చేశాడు, తరువాత తేదీ కొంచెం జరిపించుకుని దిగొచ్చాడు. కంబోడియా మీద బాంబులు ఆ రోజుకు ఆగాయి. అయితే అప్పటికే అమెరికా పదాతి దళాలు వియత్నాం వదిలాయన్నది మర్చిపోవద్దు. జవాన్లు గుంతల్లో ఉండగా "గుండ్లకు పైసలివ్వను" అని ఓటు వేసే ధైర్యం ఏ దేశంలోనూ ఎక్కువమందికి ఉండదు. 1914 డిసెంబర్‌లో జర్మనీ పార్లమెంటులో యుద్ధ రుణాలకు వ్యతిరేకంగా చెయ్యెత్తింది కార్ల్ లీబ్‌నెక్ట్ ఒక్కడే.

పైసలు ఆపినా వేరే దారిలో తెచ్చుకునేవాళ్లు కూడా ఉంటారు. నికరాగువా తిరుగుబాటుదార్లకు నిధులు వద్దని 1984లో కాంగ్రెస్ చట్టం చేస్తే, రీగన్ ప్రభుత్వంలోని కొందరు ఇరాన్‌కు ఆయుధాలమ్మి ఆ సొమ్ము అటు మళ్లించారు. 1986లో బయటపడింది.

మిగతా దేశాలు రెండు మాటల్లో. జర్మనీలో 1994లో రాజ్యాంగ న్యాయస్థానం, విదేశాల్లో సైనిక చర్యకు బుండెస్టాగ్ (అక్కడి పార్లమెంటు) అనుమతి తప్పనిసరి అంది, 2005లో దానికి చట్టం వచ్చింది. నాకు నచ్చిన పద్ధతి అదే. బ్రిటన్‌లో చట్టం లేదు గాని 2003లో ఇరాక్ మీద ఓటు పెట్టారు, 2013లో సిరియా మీద పెడితే 285-272 తేడాతో ఓడింది, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 2018లో అదే సిరియా మీద ఓటు లేకుండానే దాడి చేశారు. రష్యాలో ఎగువ సభ అనుమతి కావాలి. 2022 ఫిబ్రవరి 22న ఒక్క వ్యతిరేక ఓటూ లేకుండా ఇచ్చారు. సభ ఉండి, నియమం ఉండి, అడిగే నోరు లేకపోతే ఇట్లాగే ఉంటుంది.

మన లోక్‌సభ సంగతికొస్తే, చేతిలో పనిముట్లు ఉన్నాయి. డిమాండ్ మీద కోత తీర్మానం పెట్టొచ్చు: విధానమే నచ్చకపోతే గ్రాంటును ఒక్క రూపాయికి తగ్గించమని, పొదుపు కోసమైతే ఇంత మొత్తం కోయమని, ఫలానా బాధ చెప్పుకోవడానికైతే వంద రూపాయలు తగ్గించమని. గెలవకపోయినా మంత్రి లేచి జవాబు చెప్పాలి. కానీ డిమాండ్లు చర్చకు వస్తేనే కదా ఇదంతా. 2018లో, 2023లో మొత్తం డిమాండ్లను గిలెటిన్ వేసి చర్చ లేకుండా పాస్ చేశారు, రక్షణవి కూడా అందులోనే. ఆరు లక్షల కోట్ల పద్దును ప్రశ్నించే రోజున సభలో గోల చేసి, యుద్ధం వచ్చాక ప్రత్యేక సమావేశం కావాలని అడగడంలో అర్థం లేదు, ఏ పార్టీ చేసినా.

2020 జూన్ 15న గల్వాన్‌లో మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబుతో కలిపి ఇరవై మంది పోయారు. సభలో రక్షణమంత్రి ప్రకటన సెప్టెంబర్ 15న వచ్చింది. దాని మీద లోక్‌సభలో ప్రతిపక్షానికి మాట్లాడే అవకాశం ఇవ్వలేదు, వాళ్లు బయటికి పోయారు. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైతే లోక్‌సభలో చర్చ జులై 28న మొదలైంది. మధ్యలో అఖిలపక్ష సమావేశాలు జరిగాయి. వాటిలో రికార్డు ఉండదు, ఓటు ఉండదు, రేపు ఎవరు ఏమన్నారో చూపడానికి కాగితం ఉండదు. సభకు బదులు అఖిలపక్షం అన్న అలవాటు నాకు నచ్చదు.

రాజ్యసభకు డిమాండ్ల మీద ఓటు లేదు. ఖజానా నుంచి సొమ్ము తీయడానికి అనుమతిచ్చే అప్రోప్రియేషన్ బిల్లు ద్రవ్య బిల్లు, పద్నాలుగు రోజుల్లో తిప్పి పంపాలి, పంపకపోయినా పాసైనట్టే. చర్చ మాత్రం చేయొచ్చు. ఎమర్జెన్సీ ఆమోదంలో మాత్రం దానికి లోక్‌సభతో సమానమైన ఓటుంది, లోక్‌సభ రద్దయి ఉంటే ఆ పని మొదట రాజ్యసభే చేస్తుంది. ఇది రాస్తే పేపరు దిద్దేవాళ్లకు నువ్వు చదివావని తెలుస్తుంది.

రాష్ట్ర అసెంబ్లీలకు ఏమీ లేదు. తీర్మానం చేసి పంపొచ్చు, కేంద్రం దాన్ని ఫైల్లో పెట్టుకోవచ్చు. శ్రీలంక నుంచి వచ్చిన సైన్యం 1990లో మద్రాసులో దిగినప్పుడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి పోలేదు, రాష్ట్రం చేయగలిగింది అంతవరకే. రాష్ట్ర ఖజానా నుంచి పైసలు కదిలేది యుద్ధం తరువాత, అమరుల కుటుంబాలకు ఇచ్చే సాయం రూపంలో. గల్వాన్ తరువాత తెలంగాణ ప్రభుత్వం సంతోష్ బాబు కుటుంబానికి 5 కోట్లు, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం, ఇంటి స్థలం, మిగతా పందొమ్మిది మంది కుటుంబాలకు పదేసి లక్షలు ప్రకటించింది. ఆ ఖర్చుకు మంజూరు ఇవ్వాల్సింది మాత్రం మన అసెంబ్లీనే, రక్షణ పద్దులతో దానికి సంబంధం లేదు.